అమెరికా విశ్వవిద్యాలయాల్లో సైనిక పరిశోధన: ఒప్పందాల వివరాలకు దరఖాస్తు విధానం

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ భవనంలో జరుగుతున్న పరిశోధనకు రక్షణ శాఖ డబ్బు ఇస్తోందా? ఫలితాలను ప్రచురించడానికి ముందు ఎవరి అనుమతైనా తీసుకోవాలా? ఇవి తెలుసుకోవడానికి 1966 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం అవసరం లేదు, విద్యార్థి వీసాపై ఉన్నవారూ అడగవచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు.

ముందుగా తేల్చుకోవాల్సింది ఎవరిని అడగాలన్నది. ఈ చట్టం ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సంస్థలకే వర్తిస్తుంది, విశ్వవిద్యాలయాలకు కాదు. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే ఆ రాష్ట్రపు బహిరంగ రికార్డుల చట్టాన్ని చూడాలి. వర్జీనియా వంటి చోట ఆ హక్కు ప్రధానంగా రాష్ట్ర వాసులకే పరిమితం. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ లాంటి ప్రైవేటు సంస్థల విషయంలో నిధులిచ్చిన ఫెడరల్ సంస్థనే అడగాలి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం దేనికదే దరఖాస్తులు స్వీకరిస్తుంది.

ఆ సంస్థ ఏదో యూఎస్ఏస్పెండింగ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతకండి. విశ్వవిద్యాలయం పేరుతో వెతికితే గ్రాంటు లేదా ఒప్పందం సంఖ్య, మొత్తం, కాలవ్యవధి కనిపిస్తాయి. ఆ సంఖ్య దరఖాస్తులో ఉంటే సిబ్బందికి వెతుకులాట తగ్గుతుంది. ఈ చట్టం కింద దరఖాస్తులకు ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్ ఫోయా డాట్ గవ్ ద్వారా పంపే దరఖాస్తులో ఇలా రాయవచ్చు: “ఫలానా సంఖ్య గల ఒప్పందం ప్రతి, దాని సవరణలు, ప్రచురణపై ఆంక్షలు విధించే షరతులు పంపగలరు. వెల్లడించలేని భాగాలుంటే వాటిని తొలగించి మిగతాది ఇవ్వగలరు.”

భవన భద్రత గురించి అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. 1970 ఆగస్టు 24న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని స్టెర్లింగ్ హాల్‌పై బాంబు దాడి జరిగింది. లక్ష్యం ఆ భవనంలోని సైనిక గణిత పరిశోధన కేంద్రం. చనిపోయింది మాత్రం ఆ కేంద్రంతో సంబంధమే లేని ఒక భౌతికశాస్త్ర పరిశోధకుడు. అందుకే తాళాల వ్యవస్థ, కెమెరాల స్థానాలు, సిబ్బంది రాకపోకల వేళలు అడగవద్దని నా గట్టి అభిప్రాయం. అడిగినా అవి దక్కే అవకాశం తక్కువ. భద్రతకు ఎంత ఖర్చవుతోంది, ఎవరు భరిస్తున్నారు, ఆ భవనంలోకి విదేశీ విద్యార్థుల ప్రవేశంపై ఒప్పందంలో ఆంక్షలున్నాయా అన్న ప్రశ్నలు వేరు. అక్కడ చదువుకునే వారందరికీ వాటి జవాబులు తెలియాలి. అవి తప్పక అడగండి.

దరఖాస్తు రుసుము లేదు. సాధారణ దరఖాస్తుదారులకు మొదటి 2 గంటల వెతుకులాట, 100 పేజీల నకళ్లు ఉచితం. చదువులో భాగంగా అడిగే విద్యార్థులకు విద్యాసంస్థల వర్గం కింద వెతుకులాట రుసుము ఉండదు. రక్షణ శాఖపై వేసిన ఒక కేసులో 2016లో అప్పీళ్ల కోర్టు ఈ సంగతి తేల్చింది. కోర్సు పేరు, అధ్యాపకుని లేఖ జతచేస్తే మేలు. ఎంతవరకు చెల్లించగలరో ముందే రాయండి.

జవాబుకు గడువు 20 పనిదినాలు. ప్రత్యేక పరిస్థితుల్లో మరో 10 పెంచవచ్చు. ఆచరణలో నెలలు పట్టడం మామూలే కాబట్టి దరఖాస్తు సంఖ్య దాచుకుని, అప్పుడప్పుడూ వాకబు చేయండి. రహస్య సమాచారం, వాణిజ్య రహస్యాలు, వ్యక్తిగత గోప్యత వంటి 9 మినహాయింపుల్లో దేనికింద నిరాకరించారో జవాబులో చూడండి. ఆ సంస్థకే చేసుకునే అప్పీలుకు కనీసం 90 రోజులు ఇవ్వాలి, దానికి న్యాయవాది అవసరం లేదు. అక్కడా తేలకపోతే నేషనల్ ఆర్కైవ్స్‌లోని మధ్యవర్తిత్వ కార్యాలయాన్ని ఉచితంగా సంప్రదించవచ్చు, లేదా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు.