కథోలిక బడిలో సత్యోపదేశం: ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎట్లా చదవాలి

కాజీపేట, హన్మకొండ, జనగామ వైపు చాలా కథోలిక బళ్లలో టైంటేబుల్‌ మీద ఒకే పీరియడ్‌కు రెండు పేర్లుంటాయి. కథోలిక పిల్లలు సత్యోపదేశానికి (కథోలిక మతబోధ పాఠానికి) పోతే, మిగతావాళ్లు నైతిక విద్యకు కూర్చుంటారు. పదో తరగతి బోర్డు పరీక్షలో ఈ సబ్జెక్టు లేదు గనుక పరీక్ష ముందు రాత్రిదాకా పుస్తకం తెరవని వాళ్లే ఎక్కువ. అయితే శ్రద్ధగా చదివినవాళ్లకూ మార్కులు పోయే చోటు ఒకటుంది. ఇంట్లోనో, వీధి చివరి ప్రార్థన మందిరంలోనో విన్న మాట ఒకటి, బడి పుస్తకంలో మాట ఇంకొకటి. వరంగల్ చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాలు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఈ తికమక ఇక్కడ మామూలే.

మొదట బైబిల్ సరిచూసుకోండి. కొట్లలో ఎక్కువగా దొరికే తెలుగు బైబిల్లో 66 పుస్తకాలుంటాయి. కథోలిక బైబిల్లో 73: పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడి గ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు 66 పుస్తకాల దాంట్లో ఉండవు. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని భాగాలు కూడా ఉండవు. చనిపోయినవారి కోసం ప్రార్థన గురించి 2 మక్కబీయులు 12వ అధ్యాయం చూడమని ప్రశ్న వస్తే, 66 పుస్తకాల ప్రతిలో ఎంత వెతికినా దొరకదు. కొత్తది కొనాల్సిన పనిలేదు, మీ విచారణ (పారిష్) గుడిలో అడిగితే చూడనిస్తారు.

తర్వాత మాటలు. నోటుబుక్కు చివరి పేజీలో రెండు వరుసలు గీసి, ఇంటి మాట ఎడమవైపు, పుస్తకం మాట కుడివైపు రాయండి. బాప్తిస్మం పక్కన జ్ఞానస్నానం, సంఘం పక్కన తిరుసభ, ప్రభు భోజనం పక్కన దివ్యసత్ప్రసాదం, ఈస్టర్ పక్కన పాస్క పండుగ. కథోలిక జపాల్లో దేవుణ్ణీ, మరియమ్మనీ 'మీరు' అని సంబోధిస్తారు: 'ఏలినవారు మీతో ఉన్నారు'. 'నీవు' అలవాటైన పిల్లలు చూడకుండా రాసేటప్పుడు సగం వాక్యంలో అటు, సగంలో ఇటు జారుతుంటారు. ఈ జపాల తెలుగు పాతది, గొంతెత్తి చదివితేనే పట్టుబడుతుంది.

పది ఆజ్ఞల వరుస అసలైన మెలిక. 'నరహత్య చేయకు' కథోలిక లెక్కలో అయిదోది, చాలా ప్రొటెస్టెంట్ సంఘాల లెక్కలో ఆరోది. నిర్గమకాండం 20లో గానీ, ద్వితీయోపదేశకాండం 5లో గానీ ఆజ్ఞలకు నంబర్లు లేవు, విడదీసిన తీరులోనే తేడా. వేరే దేవుళ్లు వద్దు, విగ్రహాలు వద్దు అన్న రెండింటినీ కథోలికులు మొదటి ఆజ్ఞగా కలిపి లెక్కిస్తారు. చివరన పొరుగువాడి భార్యను ఆశించకు అన్నది తొమ్మిది, పొరుగువాడి సొత్తును ఆశించకు అన్నది పది. ఈ రెండు చోట్లు గుర్తుంటే మధ్యవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. తల్లిదండ్రుల ఆజ్ఞ నాలుగోదని పట్టుకుని లెక్కపెట్టుకోవడం తేలిక.

ఎక్కువ మార్కులు సాధారణంగా ఏడు దివ్యసంస్కారాల (సాక్రమెంట్ల) మీదే. ఏడింటినీ ఏకబిగిన బట్టీ కొట్టొద్దు. ప్రవేశానికి మూడు: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం. స్వస్థతకు రెండు: పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడ్డవారికి నూనె పూయడం). సేవకు రెండు: గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం), వివాహం. ప్రతిదానికీ నాలుగు సంగతులు రాసుకోండి: కంటికి కనిపించే గుర్తు, పలికే మాటలు, ఇచ్చేవారు, వాక్యాధారం. జ్ఞానస్నానానికి మత్తయి 28:19, పాపసంకీర్తనానికి యోహాను 20:22–23, వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి యాకోబు 5:14–15, దివ్యసత్ప్రసాదానికి లూకా 22:19–20. జీవితంలో ఒక్కసారే పొందేవి ఏవంటే జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం. ఇందులో వివాహాన్ని చేర్చడం మామూలు తప్పు. భర్తో భార్యో చనిపోతే మిగిలినవారు మళ్లీ వివాహం చేసుకోవచ్చు. వివాహ సంస్కారాన్ని ఇచ్చేది ఎవరన్నప్పుడు 'గురువు' (అంటే ఫాదర్) అని రాసేస్తారు. రోమ్ ఆచారం పాటించే లాటిన్ తిరుసభ బోధలో వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు, గురువు తిరుసభ తరఫు సాక్షి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ప్రాణం పోయేటప్పుడు మాత్రమే అనుకోవడం ఇంట్లో పెద్దల నుంచి వచ్చేది. పెద్ద జబ్బు చేసినప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు కూడా ఇస్తారు.

మరియమాత పాఠంలో ఒక్క ప్రశ్నకు దాదాపు తరగతంతా తప్పు రాస్తుంది. డిసెంబరు 8 పండుగ యేసు గర్భంలో పడినందుకు కాదు, మరియమ్మ తన తల్లి గర్భంలో జన్మపాపం (ఆదాము నుంచి అందరికీ వచ్చే పాపం) సోకకుండా ఏర్పడినందుకు. దీన్ని 1854లో విశ్వాససత్యంగా ప్రకటించారు. యేసు జననం గురించిన మంగళవార్త పండుగ మార్చి 25న. అక్కణ్ణుంచి క్రిస్మస్‌కు సరిగ్గా తొమ్మిది నెలలు, ఇంక మరిచిపోరు.

తపస్సు కాలం (పాస్క పండుగ ముందు ఉపవాస కాలం) నలభై రోజులంటారు, కానీ విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కిస్తే 46 వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఈ ఆరూ ఎందుకు తీశారో (ఆదివారం పునరుత్థాన దినం) ఒక్క వాక్యం రాస్తే జవాబుకు బలం. మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు బళ్ల నుంచి మారి వచ్చినవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఆదిలాబాద్ పీఠం (బిషప్ పరిధి) 1999లో ఏర్పడిన సిరో-మలబార్ పీఠం, అంటే కేరళ మూలమున్న తూర్పు ఆచారపు కథోలిక శాఖది. వాళ్ల పెద్ద ఉపవాసం (అదే తపస్సు కాలం) బుధవారం కాక సోమవారమే మొదలవుతుంది. వరంగల్ పీఠం 1952 నాటిది, లాటిన్ ఆచారం.

నైతిక విద్య గదిలో కూర్చునేవాళ్లకు సంస్కారాల పాఠం ఉండదు. ప్రశ్నలు నిజాయితీ, క్షమ, సేవల మీద. లూకా 10లోని మంచి సమరీయుడి కథ, లూకా 15లోని తప్పిపోయిన కొడుకు కథ చదివి పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ఉపవాసం మీద వ్యాసం వస్తే శివరాత్రి, రంజాన్, తపస్సు కాలం మూడింటినీ పక్కపక్కన పెట్టి రాయవచ్చు. 'అన్ని మతాలూ ఒకటే' అని తేల్చేయకుండా ఎప్పుడు, ఎంతసేపు, ఎందుకు ఉంటారో రాయండి.

పిల్లలు మతబోధకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోవడం ఇష్టం లేని తల్లిదండ్రులు గొడవ పడాల్సిన పనిలేదు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనర్లకు సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధ తప్పనిసరి చేయకూడదు. అడ్మిషన్ ఫారంలో సమ్మతి గడి ఉందేమో సంతకం పెట్టకముందే చూడండి. వద్దనుకుంటే హెడ్‌మాస్టర్ పేరున ఒక పేజీ ఉత్తరం రాసి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆ పీరియడ్‌లో పిల్లలు ఏ గదిలో ఉండాలో కూడా అందులోనే అడగండి, లేకపోతే లైబ్రరీ బయట వరండాలో నిలబడతారు.