బేస్ గిటార్ తుప్పు వదిలించే ముందు జాగ్రత్తలు

• తీగలన్నీ కొద్దికొద్దిగా వదులు చేశాకే తీయండి. శాడిళ్ల (తీగలు ఆనే చిన్న లోహపు ముక్కల) ఎత్తు కొలిచి రాసుకోండి, ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

• శాడిళ్లు అమర్చిన బ్రిడ్జి పలక కింద సాధారణంగా సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది. గబుక్కున ఎత్తితే తెగుతుంది, ఆపై యాంప్‌లో హమ్ (గుయ్‌మనే శబ్దం) తప్పదు.

• అసలు చిక్కంతా శాడిల్ అలెన్ స్క్రూలతోనే (తలలో ఆరు పలకల గాడి ఉండేవి). 1.5 మి.మీ. కీ, 1/16 అంగుళం కీ కంటికి ఒకేలా ఉంటాయి, తేడా 0.09 మి.మీ. మాత్రమే. పెద్ద గాడిలో చిన్న కీ తిప్పితే అంచులు అరిగి స్క్రూ ఇక కదలదు. ముందు గాడిలో తుప్పు సూదితో గీకి, చుక్క పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే నూనె) వేసి, రాత్రంతా వదిలేయండి. నూనె చెక్కకు తగలనివ్వకండి.

• స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) పికప్‌ల (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంత భాగాల) దగ్గరికి రానివ్వకండి. ఆ రజను అయస్కాంతాలకు అంటుకుంటే వదలదు. క్రోమ్‌కు తడిపిన అల్యూమినియం ఫాయిల్ చాలు.

• వెనిగర్‌లో నానబెట్టేది పూత లేని ఉక్కు స్క్రూలనే. 15 నిమిషాలకోసారి చూడండి. నికెల్, బంగారు పూతలు, జింక్ పోత భాగాలు అందులో పాడవుతాయి. మూసి ఉన్న ట్యూనర్లను (తీగలు బిగించే మరలను) దేంట్లోనూ ముంచకండి.

• గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వెనిగర్‌లో బ్లీచ్ కలిస్తే విషవాయువు పుడుతుంది.