పీహెచ్‌సీలో మానసిక ఓపీ: మాత్ర తెగకుండా నడపడం ఎలా

కనిగిరి, ఉదయగిరి వైపు మతి చెదిరినవాళ్లను ముందు తీసుకెళ్లేది ఏఎస్ పేట దర్గాకే. వెళ్లొద్దని వాదిస్తే మళ్లీ మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) గడప తొక్కరు. మాత్ర వేసుకునే వెళ్లమనండి. గొలుసు వేస్తే మాత్రం ఊరుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

మానసిక ఓపీ అని విడిగా బోర్డు పెట్టకండి, చూసి వెనక్కి పోతారు. బీపీ, షుగర్ రోజునే అదే వరసలో కూర్చోబెట్టండి. దిగులని ఎవరూ చెప్పరు. నీరసం, గుండెదడ, ఒళ్లునొప్పులంటారు, బలం సూది అడుగుతారు. అలాంటివాళ్లను ఏఎన్‌ఎం రెండు ప్రశ్నలు అడగాలి: గత రెండు వారాల్లో ఏ పనిమీదా మనసు పోనివి ఎన్ని రోజులు? దిగులుగా గడిచినవి ఎన్ని? అసలు లేకుంటే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా అయితే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని విడిగా, అత్తామామల చెవిన పడకుండా అడగండి. అడిగినందుకు లేని ఆలోచన పుట్టదు. అవునంటే డాక్టరు ఆరోజే చూడాలి, పురుగుమందు డబ్బా ఆ పూటే ఇల్లు దాటాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ ఉచితం.

ఇక అసలు చిక్కు మందులు. దిగులు తగ్గించే ఫ్లూయోక్సెటిన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 25 మందికి నెలకు 750. మూడు నెలలకోసారి ఇండెంట్ (మందులు కావాలని రాసే పత్రం) పెడితే 2,250, చేతి నిల్వ మరో 750, మొత్తం 3,000. ఆ నిల్వ అడగరు కనుకే లారీ ఆలస్యమైన నెలలో రోగులు ఉత్తచేతులతో పోతారు, చాలామంది తిరిగి రారు. పైకి రాసేటప్పుడు ‘మందుల కొరత’ అంటే ఎవరూ కదలరు. ఏ తేదీన ఎంతమందిని మాత్రల్లేక పంపామో అంకె వేయండి.

ఈ మాత్ర పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. అందుకే మొదటిసారి 15 రోజులకే ఇచ్చి, ఏడోరోజు ఆశాను ఇంటికి పంపండి. గడువు దాటిన మూడోరోజుకూ రాకపోతే మళ్లీ పంపండి.

అతి ఉత్సాహం, దిగులు మార్చిమార్చి వచ్చే జబ్బుకు లిథియం వాడేవాళ్లకు మన ఎండాకాలమే గండం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే నెల్లూరు లేదా ఒంగోలు పెద్దాసుపత్రికి పంపాలి.

మిరప కోతలకు గుంటూరు వైపు పోయేవాళ్లు కుదురుగా ఉంటే రెండు నెలల మాత్రలు ఇవ్వొచ్చు. చావు మాట ఎత్తినవాళ్లకు వారానికి మించి వద్దు, అవీ ఇంటివాళ్ల చేతికే. దిగులుకే ఇచ్చే అమిట్రిప్టిలిన్ ఒకేసారి ఎక్కువ మింగితే గుండె ఆగిపోవచ్చు.