క్యాబరే షోకి పోలీసు అనుమతి: దరఖాస్తులో ఏం రాయాలి?

హోటల్లోనో పబ్బులోనో పాట, డాన్సు, కాస్త హాస్యం కలిపి రాత్రి షో పెట్టాలంటే బార్ లైసెన్సు (2బీ అంటారు) ఒక్కటే చాలదు. అది మందు అమ్ముకోవడానికి. స్టేజీ ఎక్కించాలంటే పోలీసు కమిషనర్ అనుమతి విడిగా కావాలి. బంజారాహిల్స్ అయితే హైదరాబాద్ కమిషనరేట్‌కి, మాదాపూర్, గచ్చిబౌలి అయితే సైబరాబాద్‌కి వెళ్లాలి.

అసలు చిక్కంతా కార్యక్రమం ఏమిటో రాసే దగ్గరే. అక్కడ 'క్యాబరే' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. 1881లో పారిస్‌లో 'లె షా న్వార్' అనే క్యాబరే తెరిచినప్పుడు అక్కడ నడిచినవి కవితలు, పాటలు, పెద్దమనుషుల మీద వెటకారాలు. మనకేమో ఆ మాట వినగానే జ్యోతిలక్ష్మి, జయమాలిని క్లబ్ డాన్సులే గుర్తొస్తాయి. ఫైలు చూసే అధికారి కూడా ఆ సినిమాలు చూసినవారే కదా! అలాగని దాచమని కాదు. కళాకారులు ఎంతమంది, ఏయే అంశాలు, దుస్తులు ఎలాంటివి, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, అన్నీ విడమరిచి రాయండి. స్టేజీ మీద అశ్లీలం ఉందని కేసు పెడితే భారతీయ న్యాయ సంహిత 296 సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు పడొచ్చు.

గుర్తింపు కార్డు, అద్దె ఒప్పందం, ట్రేడ్ లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) జతచేయడం మామూలే. హాలు ప్లాన్ మాత్రం మీరే కూర్చుని చూసుకోండి. ఒకసారి నా ఫైలు వెనక్కొచ్చింది. తప్పు నాదే: ప్లాన్‌లో ఎమర్జెన్సీ తలుపు గీసిన చోటే సౌండ్ మిక్సర్ బల్ల వేయించాను. చూడ్డానికొచ్చిన ఎస్సై ఆ తలుపు తోశారు, జానెడు తెరుచుకుని బల్లకు తగిలి ఆగిపోయింది. బల్ల జరిపాం, ప్లాన్ మళ్లీ గీయించాం, వారం పోయింది.

రాత్రి 10 దాటితే ఆరుబయట స్పీకర్లు కుదరవు. మూసిన హాల్లో పెట్టుకోవచ్చు గానీ శబ్దం గోడ దాటకూడదు. నివాస ప్రాంతంలో రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. పక్కింటివాళ్లు 100కి ఫోన్ కొడితే ఇక టెన్షనే.

డిసెంబర్ 31 షోకయితే కనీసం 15 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. విదేశీ కళాకారులను పిలుస్తుంటే వీసా కాపీ తెప్పించుకుని ముందే చూడండి. టూరిస్ట్ వీసా మీద డబ్బు తీసుకుని ఆడకూడదు. వాళ్లు దిగిన హోటల్ 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు తెలిపే ఫారం (సి-ఫారం) నింపిందో లేదో కూడా అడగండి.