బేస్‌బాల్ బ్యాటింగ్ పాఠాలు, మూడో భాగం: కర్వ్‌బాల్ కోసం ఆగడం

మొదటి రెండు భాగాల్లో నిలబడే తీరు, ఫాస్ట్‌బాల్ (పూర్తి వేగంతో వచ్చే బంతి) టైమింగ్ చూశాం. ఈసారి కర్వ్‌బాల్, అంటే కాస్త మెల్లగా వచ్చి కిందికి వంగే బంతి. పక్కకి జారే స్లైడర్ సంగతి వేరు, దాన్ని నాలుగో భాగానికి ఉంచుదాం.

ముందు లెక్క చూడండి. పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే రబ్బర్ పలక నుంచి, బ్యాటర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. అతను ముందుకు అడుగేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది సుమారు 55 అడుగులే. గంటకు 150 కిలోమీటర్ల ఫాస్ట్‌బాల్ దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. 125 కిలోమీటర్ల కర్వ్‌కి అర సెకను పడుతుంది. తేడా 0.1 సెకనే కదా అనుకోకండి. బ్యాట్ తిప్పడానికి మొత్తం పట్టేదే 0.15 సెకన్లు. అంటే ఫాస్ట్‌బాల్ అనుకుని మొదలుపెడితే, కర్వ్ వచ్చేసరికి బ్యాట్ దాటిపోయి ఉంటుంది.

ఇక పడిపోవడం. కర్వ్‌ని టాప్‌స్పిన్‌తో, అంటే పైభాగం ముందుకు తిరిగేలా వదులుతారు. ఆ స్పిన్ వల్ల గాలి బంతిని కిందికి నెడుతుంది, దానికి భూమ్యాకర్షణ తోడవుతుంది. ఫాస్ట్‌బాల్‌కి దానికి వ్యతిరేకమైన బ్యాక్‌స్పిన్ ఉంటుంది, అందుకే అది తక్కువ పడుతుంది. కర్వ్ చివర్లో ఒక్కసారిగా విరిగినట్టు కనిపించినా, నిజానికి చెయ్యి వదిలిన క్షణం నుంచీ వంగుతూనే వస్తుంది. కాబట్టి చూడాల్సింది ప్లేట్ దగ్గర కాదు, పిచర్ చేతి దగ్గర. చాలా కర్వ్‌లు చెయ్యి వదలగానే కొంచెం పైకి లేస్తాయి. ఆ చిన్న ఎగురు కనిపించిందంటే ఫాస్ట్‌బాల్ కాదని అర్థం.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. స్పిన్నర్ బంతిని ముందుకెళ్లి, నేల తాకిన చోటే అందుకోవడం మనకు అలవాటు. ఇక్కడ బంతి నేల తాకదు, ఒంటి బరువు ముందుకు పడితే చేతుల్లో బలమే మిగలదు. కొందరు కోచ్‌లు బాక్స్‌లో (బ్యాటర్ నిలబడే గీతల గడిలో) బాగా ముందుకు నిలబడి, కర్వ్ పూర్తిగా వంగకముందే కొట్టమంటారు. నాకది నచ్చదు. ఫాస్ట్‌బాల్‌కి ఉన్న ఆ కాస్త టైమూ పోతుంది.

అసలు పాఠం ఇదీ: మంచి కర్వ్‌ని కొట్టకండి, వదిలేయండి. నడుము ఎత్తులో వస్తున్నట్టు కనిపించే కర్వ్ ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి మట్టిలో ఉంటుంది. ఛాతీ పైనుంచి మొదలై సరిగా వంగని కర్వ్ ఉంటుంది చూశారా, దాన్ని హ్యాంగింగ్ కర్వ్ అంటారు. అదే మీది. మూడు స్ట్రైక్‌లు (కొట్టలేకపోయిన, లేదా కొట్టాల్సింది వదిలేసిన బంతులు) పడితే అవుట్ కాబట్టి, రెండు పడేదాకా అలాంటిది తప్ప మరే కర్వ్ కోసమూ బ్యాట్ కదపొద్దు. ఒక స్ట్రైక్ పోతే పోనీండి. రెండు స్ట్రైక్‌లు పడ్డాక మాత్రం చేతుల్ని బ్యాట్ పిడి మీద ఒక అంగుళం పైకి జరిపి పట్టుకుని, బంతిని లోపలిదాకా రానిచ్చి, మైదానం మధ్యలోకో, ఎదురు దిక్కుకో (కుడిచేతి బ్యాటర్‌కైతే కుడివైపుకి) నెట్టండి. ఫౌల్ అయినా, అంటే బంతి గీత బయటికి పోయినా లాభమే, ఇంకో బంతి ఆడొచ్చు.

అప్పుడు కూడా కొన్నింటికి చేసేదేమీ ఉండదు. 2008 మార్చిలో, ఇంకా అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లోకి రాని, డాడ్జర్స్ జట్టు కుర్రాడు పిచర్ క్లేటన్ కెర్షా ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో షాన్ కేసీకి కర్వ్ వేశాడు. మూడుసార్లు ఆల్‌స్టార్ (లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికైనవాడు) అయిన కేసీ బ్యాట్ కదపకుండా చూస్తూ అవుటయ్యాడు. కామెంటేటర్ విన్ స్కల్లీ ఆ కర్వ్‌కి ‘పబ్లిక్ ఎనిమీ నంబర్ వన్’ అని పేరు పెట్టాడు. అలాంటిది పడితే టెన్షన్ పడకుండా డగౌట్‌కి (జట్టు కూర్చునే చోటికి) వెళ్లిపోవడమే.

ఈ వారం సాధనకు రెండు పనులు. మొదటిది, మీ టీమ్ పిచర్ ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు అతన్ని అడిగి, హెల్మెట్ పెట్టుకుని బాక్స్‌లో నిలబడండి. బ్యాట్ తిప్పొద్దు. బంతి సగం దూరం రాకముందే ‘ఫాస్ట్’ అనో ‘కర్వ్’ అనో గట్టిగా చెప్పాలి. మొదట్లో తప్పులే ఎక్కువొస్తాయి, అయినా ఆపకండి. రెండోది బరువు ఆపుకోవడానికి: స్నేహితుణ్ణి ఎదురుగా కొద్ది దూరంలో నిలబెట్టి, టెన్నిస్ బంతిని ఒక్క గెంతు పడేలా మెల్లగా వేయమనండి. ముందువైపు కాలు దించండి, చేతులు వెనకే ఉంచండి, బంతి గెంతి పైకి లేచాక కొట్టండి. ముందువైపు భుజం తొందరపడి పక్కకి తెరుచుకుపోతోందా లేదా అన్నది స్నేహితుణ్ణే చూసి చెప్పమనండి, మీకు తెలియదు.