కాలేజీకి ల్యాప్‌టాప్ – 3వ పాఠం: షాపులో చీటీ చదవడం

గత పాఠంలో రెండు పనులు చెప్పాను. సీటు వచ్చిన బ్రాంచిలో సీనియర్లను అడిగి, మొదటి రెండేళ్లలో వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకోమన్నాను. ఇంట్లో కూర్చుని బడ్జెట్ గట్టిగా తేల్చుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. అది లేకపోయినా ఈ పాఠం అర్థమవుతుంది కానీ చివర్లో ఇచ్చే అభ్యాసం దగ్గర కాస్త ఇబ్బంది పడతారు.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే: ల్యాప్‌టాప్ పక్కన పెట్టిన చీటీ చదవడం. ఎంసెట్ కౌన్సెలింగ్ అయ్యే రోజుల్లో (పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెటే) సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే మనందరి సీటీసీకి వెళ్లి చూడండి. అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని షాపు షాపూ తిరుగుతుంటారు. వాళ్లకు వినిపించే మొదటి మాట దాదాపు అన్నిచోట్లా ఒకటే: "సార్, ఇది ఐ5. బాబుకి నాలుగేళ్లు ఢోకా లేదు." ఆ మాట నిజమో కాదో చీటీ పూర్తిగా చదివితే గానీ తెలియదు. మామూలుగా చీటీ ఇలా ఉంటుంది:

ఐ5-1235యూ / 8 జీబీ / 512 ఎస్ఎస్‌డీ / 15.6 ఎఫ్‌హెచ్‌డీ / విన్ 11 + ఎంఎస్ఓ / 1 ఇయర్

దీన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ, ప్రతి ముక్క దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: కొన్నాక దీన్ని మార్చుకోగలమా? ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్) మార్చలేం. స్క్రీన్, కీబోర్డు మార్చుకోవచ్చు గానీ అది రిపేరు ఖర్చు అవుతుంది. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చోటు) చాలా మెషీన్లలో మార్చుకోవచ్చు. ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే మెమరీ, చీటీలో 8 జీబీ) సంగతి మోడల్‌ని బట్టి. చివర్లో ఉన్నవి విండోస్ 11, ఎంఎస్ ఆఫీస్, ఏడాది వారంటీ. మార్చలేనివాటికి ముందు డబ్బు పెట్టాలి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ప్రాసెసర్: వెనక అంకెలు

ఇంటెల్ కంపెనీ ఐ5, ఏఎండీ కంపెనీ రైజెన్ 5 అనేవి ఇంటిపేర్ల లాంటివి. మనిషెవరో తెలియాలంటే వెనకున్న పేరు చూడాలి. ఐ5-1235యూలో 12 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. చివరి యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది. సన్నటి, తేలికైన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. అదే చోట హెచ్ ఉంటే (ఐ5-12450హెచ్ లాంటివి) బరువైన పనులకు బాగుంటుంది. బదులుగా వేడి, ఫ్యాను చప్పుడు, బ్యాటరీ ఖర్చు పెరుగుతాయి. సీఎస్ఈ మొదటి ఏడాదిలో రాసే సీ, పైథాన్ ప్రోగ్రాములకు యూ రకం బాగా సరిపోతుంది. క్యాడ్ డ్రాయింగులు, రెండరింగ్ ఉన్న మెకానికల్, ఆర్కిటెక్చర్ వాళ్లు హెచ్ వైపు చూడాలి.

2023 చివర్లో ఇంటెల్ పేర్లు మార్చింది. ఇప్పుడు 'ఐ' తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని వస్తున్నాయి. కోర్ 5 120యూ చూసి "ఇది ఐ5 కాదేమో" అని కంగారు పడకండి. అలాగని కొత్త పేరు కాబట్టి లోపలంతా కొత్తే అనుకోవద్దు. ఈ 120యూ లోపలిది పదమూడో తరం నాటి డిజైనే.

ఏఎండీ దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఇక్కడ కాసేపు ఆగాలి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండు చీటీలు పక్కపక్కన కనిపిస్తాయి. చూడ్డానికి ఒక్క అంకె తేడా. 7000 వరుసలో మొదటి అంకె మోడల్ సంవత్సరం (7 అంటే 2023), మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2 (ఏఎండీ తన డిజైన్లకు పెట్టే పేరు జెన్). అది 2019 నాటి డిజైన్, 4 కోర్లు (పని పంచుకునే భాగాలు). 7530లో మూడో అంకె 3, అంటే జెన్ 3, 6 కోర్లు. రెండింటి మీదా స్టిక్కర్ 'రైజెన్ 5' అనే ఉంటుంది. నోట్సు రాసుకుని, వీడియో పాఠాలు చూసుకునే వాళ్లకు 7520యూ సరిపోతుంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌కి నేనైతే తీసుకోను. కోర్లు తక్కువన్నది ఒక కారణం, రెండో కారణం ర్యామ్ దగ్గర చెబుతాను.

ర్యామ్: అసలు బేరం ఇక్కడే

8 జీబీ చాలా, 16 కావాలా? విండోస్ 11 తనకే సుమారు సగం తీసుకుంటుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన జూమ్ క్లాసు, ఒక పీడీఎఫ్ తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది. బీకామ్, బీఏ వాళ్లు ట్యాలీ, ఎక్సెల్‌తో సర్దుకోవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో గానీ, వర్చువల్ మెషీన్ గానీ, సాలిడ్‌వర్క్స్ గానీ మీ కాగితం మీద ఉంటే 16 జీబీ పెట్టుకోండి.

షాపులో దీనికి రెడీమేడ్ జవాబు ఉంటుంది: "ఇప్పుడు 8తో తీసుకోండి సార్, తర్వాత వేసుకోవచ్చు." సలహా మంచిదే, కాకపోతే ఖాళీ స్లాట్ ఉంటేనే. సన్నటి మోడల్స్ చాలావాటిలో ర్యామ్ చిప్‌లను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. దాన్ని ఆన్‌బోర్డ్ అంటారు. వేరే స్లాట్ కూడా లేకపోతే కొన్ననాడు ఎంత ఉందో ఎప్పటికీ అంతే. ఇందాక చెప్పిన 7520యూ ఎల్‌పీడీడీఆర్5 రకం మెమరీనే తీసుకుంటుంది, అది స్టిక్‌గా కాదు, బోర్డు మీదే అతికి వస్తుంది. అంటే 8 జీబీ 7520యూ కొంటే ఆ 8తోనే కోర్సు ముగించాలి.

స్లాట్ ఉందో లేదో నోటిమాటగా అడగొద్దు, చూడండి. డెమో పీస్ ఆన్ చేసి ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్‌ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కితే కింద చిన్న అక్షరాల్లో 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. అక్కడ 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాట్ ఖాళీగా ఉన్నట్టు. దాని కిందే 'ఫామ్ ఫ్యాక్టర్' ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే మామూలుగా అది తీసి పెట్టుకునే స్టిక్. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినది. నిమిషం పట్టని పని. మీరు ఆ మూడు మీటలు నొక్కగానే షాపాయన మాట్లాడే తీరు కూడా మారుతుంది, గమనించండి. డెమో పీస్ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పూర్తి నంబరు కొట్టి చూడాలి. పూర్తి నంబరు అంటే ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండే పొడుగాటిది. ఒకే పేరుతో అమ్మే మోడల్‌లో కూడా ఆ నంబరును బట్టి ర్యామ్ రకం మారిపోతుంటుంది.

ఇంకో సంగతి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. "తర్వాత వేసుకుందాం" అనుకునేవాళ్లు అదే షాపులో 8 జీబీ స్టిక్ ఈరోజు ఎంతో అడిగి, మెషీన్ ధరకు కలిపి చూసుకోండి. కొన్నిసార్లు మొదటే 16 ఉన్నది తీసుకోవడమే చవక అవుతుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు, గేమ్స్ నడిపే విడి చిప్) లేని మెషీన్‌లో ఒకే స్టిక్ కంటే రెండు స్టిక్కులుంటే గ్రాఫిక్స్ కూడా మెరుగ్గా నడుస్తాయి.

ఎస్ఎస్‌డీ

512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ రకం) ఉంటే చాలు, ముందుకు వెళ్దాం. విండోస్‌లో అది 476 జీబీ అని కనిపిస్తుంది. లెక్కపెట్టే పద్ధతి వేరు, మోసమేం కాదు. ఈఎంఎంసీ (నెమ్మదిగా నడిచే చవకరకం స్టోరేజీ) అని రాసి ఉంటే మాత్రం ఆ మెషీన్ వదిలేయండి.

చీటీ మీద రాయనివి

15.6 ఎఫ్‌హెచ్‌డీ అనే ముక్క సైజు, పిక్సెళ్లు చెప్పి ఊరుకుంటుంది. రోజుకు ఆరేడు గంటలు చూసే తెర ఎలా ఉంటుందో చెప్పదు. కంపెనీ పేజీలో రెండు అంకెలు వెతకండి. వెలుగుకు నిట్స్: 250 అంటే గదిలో పరవాలేదు, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చిట్లించాల్సిందే. 300 నుంచి హాయిగా ఉంటుంది. రంగులకు ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అనే కొలతలుంటాయి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసినట్టుంటాయి. కోడింగ్‌కి నడుస్తుంది, డిజైన్, ఆర్కిటెక్చర్, యానిమేషన్ వాళ్లకు పనికిరాదు. వాళ్లు 100 శాతం ఎస్ఆర్‌జీబీ కోసం చూడాలి. అంకెలు దొరక్కపోతే షాపులోనే తెరను పక్క నుంచి, పై నుంచి చూడండి. ముఖాలు నల్లబడి, రంగులు తిరగబడితే అది పాతరకం టీఎన్ ప్యానెల్.

బ్యాటరీకి "ఎనిమిది గంటలు వస్తుంది" అనే మాట పక్కన పెట్టి, వాట్ అవర్లు ఎన్నో అడగండి. లెక్క సులువు. నోట్సు, బ్రౌజింగ్ లాంటి తేలికపాటి పనికి యూ రకం మెషీన్ గంటకు సుమారు 8 నుంచి 10 వాట్ అవర్లు తింటుంది. 42 వాట్ అవర్ల బ్యాటరీ అంటే నాలుగు నుంచి అయిదు గంటలు, అదీ కొత్తలో. పొద్దున తొమ్మిదిన్నరకు క్లాసుకెళ్లి సాయంత్రం నాలుగుకి బయటపడే పిల్లలకు అది మధ్యాహ్నం ల్యాబ్ దాకా వస్తుంది. క్లాసులో ప్లగ్ పాయింట్ కోసం ఎంత పోటీ ఉంటుందో సీనియర్లను అడగండి. 50 వాట్ అవర్లకు తగ్గకుండా చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. టైప్-సీ ఛార్జింగ్ ఉంటే ఇంకా మంచిది, హాస్టల్‌లో ఎవరి ఛార్జరైనా అక్కరకొస్తుంది. కాకపోతే అది 65 వాట్లు ఇచ్చేదై ఉండాలి, ఫోన్ ఛార్జర్‌తో పని కాదు.

గ్రాఫిక్స్ కార్డు మీద నా మాట

"మా వాడికి సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ వచ్చింది, గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలట కదా?" అని చాలామంది అడుగుతున్నారు. అక్కర్లేదు. మొదటి రెండేళ్లు ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, లెక్కలు. వాటికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. మోడల్స్ ట్రెయిన్ చేసే దశ వచ్చేసరికి గూగుల్ కొలాబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్)తో కాలేజీ ప్రాజెక్టులు చాలావరకు నడుస్తాయి. ఆ డబ్బు ర్యామ్ మీద, తెర మీద పెడితే రోజూ ఉపయోగపడుతుంది. గేమ్స్ ఆడాలనుంటే ఆ మాటే ఇంట్లో చెప్పి కొనుక్కోండి, సిలబస్ పేరు చెప్పొద్దు.

నిజంగా కావలసిన వాళ్లున్నారు: సాలిడ్‌వర్క్స్, కాటియా నడిపే మెకానికల్ వాళ్లు, రెవిట్, ల్యూమియన్ నడిపే ఆర్కిటెక్చర్ వాళ్లు. వీళ్లు కార్డు పేరుతో పాటు ఎన్ని వాట్లో కూడా అడగాలి. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒకే కార్డును 35 నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా పెట్టే వీలు కంపెనీలకు ఉంది. పేరొకటే అయినా వేగంలో చాలా తేడా వస్తుంది. ఇవన్నీ విండోస్ మీద నడిచేవి కాబట్టి ఈ బ్రాంచిల వాళ్లు మ్యాక్‌బుక్ ఆలోచన మానుకోవడం మేలు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీకి చాలా బాగుంటాయి. కానీ అది ఇంటెల్, ఏఎండీలకు వేరైన రకం చిప్, కాబట్టి మీ కాగితం మీదున్న ప్రతి సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందని తేలాకే డబ్బు కట్టండి.

సెకండ్ హ్యాండ్ అయితే

సీటీసీలో రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి అమ్మే) లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు వరసగా పేర్చి ఉంటాయి. బాడీ గట్టిది, కీబోర్డు బాగుంటుంది, ధర సగానికి దొరుకుతుంది. నాకు వాటి మీద మంచి అభిప్రాయమే. ఒక్క గీత గీసుకోండి: ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆపైన. ఐ5-8250యూలో మొదటి 8 అదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఏడో తరం దాకా ఉన్న ఇంటెల్ మెషీన్లకు విండోస్ 11 అధికారికంగా రాదు. "వేసిస్తాం సార్" అంటే అడ్డదారిలో వేసిస్తారని అర్థం. పాత బ్యాటరీలో ఎంత ఓపిక మిగిలిందో విండోస్‌తోనే తెలుసుకునే పద్ధతి వచ్చే పాఠంలో చేసి చూద్దాం.

అభ్యాసం

మూడు చీటీలు, ముగ్గురు విద్యార్థులు. ఎవరికి ఏది ఇస్తారో, షాపులో ఇంకా ఏమేం అడుగుతారో రాయండి.

ఒకటి: రైజెన్ 5 7520యూ / 16 జీబీ / 512 / 15.6 ఎఫ్‌హెచ్‌డీ / 42 వాట్ అవర్లు.

రెండు: ఐ5-1335యూ / 8 జీబీ, 1 ఆఫ్ 2 / 512 / 14 అంగుళాలు, 300 నిట్స్ / 50 వాట్ అవర్లు.

మూడు: ఐ5-12450హెచ్ / 16 జీబీ / 512 / ఆర్‌టీఎక్స్ 3050 / 2.3 కిలోలు.

ఒక అమ్మాయి ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు కాలేజీ బస్సులో వెళ్లి మెకానికల్ చదువుతుంది. ఒక అబ్బాయి హాస్టల్‌లో ఉండి సీఎస్ఈ. ఇంకో అమ్మాయి కోఠిలో బీకామ్, సాయంత్రం ట్యాలీ కోర్సు, ఇంటికొచ్చాక తమ్ముడు కూడా అదే ల్యాప్‌టాప్ వాడతాడు. మెకానికల్ అమ్మాయి దగ్గర తొందరపడి మూడో చీటీ ఇచ్చేయకండి. అడాప్టర్‌తో కలిపి బరువెంతో, ఆ సాఫ్ట్‌వేర్ తనకు ఏ సంవత్సరంలో మొదలవుతుందో ముందు తేల్చండి.

జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తర్వాత డబ్బా విప్పడం, సీరియల్ నంబరుతో వారంటీ చూసుకోవడం, జీఎస్‌టీ బిల్లు చదవడం.