దాదన్ అడ్వాన్సు తీసుకునే ముందు, ఆ తర్వాత: లెక్క రాసే పద్ధతి

అడ్వాన్సు తీసుకుని పరాయి రాష్ట్రానికి పోయే కూలీల కోసం ఒడిశా 1975లోనే దాదన్ కార్మికుల చట్టం తెచ్చింది. అది అయిదేళ్లే నిలిచింది. దాని చోట వచ్చిన 1979 కేంద్ర చట్టం అయిదుగురు వలస కూలీలున్నా వర్తించేది. 2025 నవంబరు 21న దాని బదులు అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్ (పాత కార్మిక చట్టాలను కలిపిన కొత్త చట్టం) వర్తించాలంటే పదిమంది కావాలి. ఊరు వదిలి వెళ్లినందుకు నెల కూలీలో సగానికి తగ్గకుండా ఇవ్వాల్సిన భత్యమూ పోయింది. రాయగడ, కోరాపుట్ నుంచి ఇటుక బట్టీలకు వెళ్లే చిన్న జట్లకు ఇది నిజంగా నష్టం. అందుకే లెక్క మీ చేతిలో ఉండాలి.

చిన్న నోటుబుక్కు చాలు. మొదటి పేజీలో అడ్వాన్సు తారీఖు, సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) చెప్పిన మొత్తం, కమీషన్ పోను చేతికందిన మొత్తం, సర్దార్ పేరు, ఊరు, ఫోన్ నంబరు, చూసిన ఇద్దరి పేర్లు రాయండి. బట్టీ ఊరు, మండలం, జిల్లా, యజమాని పేరు మాత్రం దిగిన రోజే రాయాలి, ఎందుకంటే ఒక బట్టీ చెప్పి మరో బట్టీలో దింపడం మామూలే.

రేటు వెయ్యి ఇటుకలకు ఎంతో, అది మనిషికో కుటుంబానికో ముందే తేల్చుకోండి. వానకు కరిగిన పచ్చి ఇటుక, విరిగిన ఇటుక ఎవరి ఖాతాలో పడతాయో కూడా అడగండి. కూలీ పోయేది ఎక్కువగా ఇక్కడే. ఉదాహరణకు రేటు రూ.700, కోసింది లక్ష ఇటుకలు అనుకుందాం: రూ.70,000. అడ్వాన్సు 30,000, బట్టీలో వారానికి వెయ్యి చొప్పున ఇచ్చిన 24 వారాల ఖర్చులు 24,000 పోతే 16,000 రావాలి. మునిషీ (బట్టీ లెక్కలు రాసే గుమాస్తా) విరిగినవంటూ అయిదో వంతు కొట్టేస్తే మిగిలేది రెండు వేలు! కాబట్టి రోజూ సాయంత్రం ఇటుకల సంఖ్య రాసి, మునిషీ పద్దు పేజీని ఫోన్‌లో ఫోటో తీయండి. వారం ఖర్చులు వేరే పేజీలో ఉండాలి.

కూలీ ఎగ్గొడితే వేతన కోడ్ కింద మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టొచ్చు, యూనియన్ కూడా మీ తరఫున పెట్టొచ్చు. కూలీ ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

అప్పు చూపించి కదలనివ్వకపోతే అది వెట్టి, 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. బట్టీ ఉన్న జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు ఇచ్చి, ఒక కాపీ సొంత జిల్లా కలెక్టరుకు పంపండి. వెట్టి అప్పు చట్టప్రకారం రద్దవుతుంది. రాజీ చేసి రైలెక్కిస్తామంటే ఒప్పుకోకండి. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులిచ్చే విడుదల పత్రం చేతికి రాకుండా ఊరు చేరితే రూ.30,000 వరకు వచ్చే తక్షణ సాయం, తర్వాతి పునరావాసం రెండూ ఆగిపోతాయి.